కళాకారులకీ రోగులకీ ఒకే జాబితా: 2020-21లో తెనాలి వైపు మేం చేసిన పని

మీరు అడిగింది ఇది: మీ మండలంలో పాతికమంది కలిసి ఒక సాయం బృందం పెట్టాలనుకుంటున్నారు. మళ్లీ కరోనా లాంటిది వస్తే పని పోయిన కళాకారుల కుటుంబాలనూ, ఇళ్లలోనే చికిత్స తీసుకునే రోగులనూ ఆదుకోవాలని మీ ఆలోచన. రెండింటికీ రెండు కమిటీలు వేయాలా, డబ్బు సంగతి ఎలా చూసుకోవాలి, ఇప్పటి నుంచే ఏం సిద్ధం చేసి పెట్టుకోవాలి అన్నారు.

నేను బడిపంతులుగా రిటైరయ్యాను. ఉద్యోగం చేస్తున్నన్నాళ్లూ రాత్రిళ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించాను. 2020 మార్చి నుంచి మరుసటి ఏడాది ఆగస్టు దాకా తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో ఏడుగురం కలిసి ఈ పనే చేశాం. మాకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను. రెండు కమిటీలు వద్దు. ఒకే జాబితా, ఒకే నిధి పెట్టుకోండి. మేం మొదట రెండుగా మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి కలిపేశాం. మొదటే కలిపి ఉంటే కొన్ని ఇళ్లకి ఇంకా ముందే చేరేవాళ్లం.

ముందు కళాకారుల సంగతి. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. శ్రీరామనవమి ఏప్రిల్ 2. నాటకాలవాళ్లకి ఉగాది దగ్గర్నుంచి తొలకరి పడేదాకా ఉన్న రోజులే ఏడాది గ్రాసం. నవమి పందిళ్లు, తిరునాళ్లు, అమ్మవారి కొలుపులు అన్నీ ఆ రోజుల్లోనే. పొలం పని లేక జనానికి తీరికా, పంట అమ్మిన రైతు చేతిలో డబ్బూ ఉండేది అప్పుడే. ఆ సంపాదనతోనే వానాకాలం గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఆ ఏడాది జనవరిలోనే మన రాష్ట్రం నుంచి నక్షత్రకుడి పాత్రతో పేరు పొందిన యడ్ల గోపాలరావు గారికీ, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికీ పద్మశ్రీ ప్రకటించారు. మా వాళ్లు తమకే వచ్చినంత సంబరపడ్డారు. రెండు నెలలు తిరక్కుండానే ఎక్కడి తెర అక్కడ పడిపోయింది. 2021 సంక్రాంతికి మళ్లీ కాస్త కదలిక వచ్చింది, బయానాలు అందాయి. ఏప్రిల్ 21న నవమి వచ్చేసరికి రెండో ఉధృతి ఊళ్ల మీద పడింది. రైతుకి వరసగా రెండు పంటలు మునిగితే ఎలా ఉంటుందో వీళ్లకి అలా అయింది.

సినిమావాళ్లకి చిరంజీవి గారి ఆధ్వర్యంలో మార్చి నెలాఖరుకే కరోనా క్రైసిస్ ఛారిటీ మొదలైంది, రోజుకూలీ మీద బతికే కార్మికుల ఇళ్లకి సరుకులు వెళ్లాయి. అక్కడ శాఖల వారీగా యూనియన్లు ఉన్నాయి, యూనియన్ దగ్గర సభ్యుల పేర్లున్నాయి. పేర్లుంటే సరుకు దారి వెతుక్కోనక్కర్లేదు. కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ గారి సుమనస ఫౌండేషన్ కళాకారుల కోసం నిధి పోగేసింది. అలాంటి నిధులు ఎన్ని ఉన్నా మన ఊరి హార్మోనిస్టు పేరు అక్కడికి చేరాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పేరు రాయాలి. మా వైపు అలాంటి రిజిస్టరే లేదు.

మాకు జాబితా దొరికిన తీరు చెబుతాను, మీకు పనికొస్తుంది. మా ప్రాంతంలో నాటకాలు కుదిర్చే కాంట్రాక్టర్లు ఉంటారు. ఊరివాళ్లు వచ్చి బయానా ఇచ్చి తేదీ రాయించుకుంటారు. అలాంటి ఒకాయన ఇంటికి వెళ్తే పొడుగాటి ఖాతా పుస్తకం తీశాడు. పేజీకో తేదీ. కింద ఊరిపేరు, నాటకం పేరు, ఏ వేషం ఎవరిది, ఎంతకి ఒప్పుకున్నారు. పేజీ అడుగున చిన్న అక్షరాలు: హా, త, మే, డ్ర, ప. హార్మోనియం, తబలా, మేకప్పు, డ్రస్సులు, పరదాలు. మార్చి 25 నుంచి ప్రతి పేజీకీ ఎర్రసిరాతో అడ్డంగా గీత. మేం ఆ అడుగున ఉన్న అక్షరాల దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టాం. హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన్ని ఊళ్లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని బియ్యమో పప్పో పంపుతారు. తెల్లవారుజామున కాటిసీను అయ్యాక పరదాలు విప్పి వ్యానెక్కించే మనిషి పేరు నాటకం ఆడించినవాళ్లకి కూడా తెలియదు. మీ దగ్గర పద్యనాటకం కాకపోతే బుర్రకథో ఒగ్గుకథో చిందు యక్షగానమో ఉంటుంది, పెళ్లిళ్ల బ్యాండు ఉంటుంది, డప్పు ఉంటుంది. ఎక్కడైనా ఇలాంటి పుస్తకం ఒకటి ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

రెండోది, వాళ్లకి ఏం కావాలో అడక్కుండా ఏమీ కొనకండి. మేం మొదట అందరిలాగే బియ్యం సంచులు కొన్నాం. బియ్యం అప్పటికే రేషన్లో వస్తోంది. కార్డున్న కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం వెయ్యి రూపాయలు కూడా ఇచ్చింది. వాళ్లకి అందనిది ఇంటద్దె, గ్యాసు బండ, షుగరు బిళ్లలు. చంద్రమతి, ద్రౌపది వేషాలు కట్టే ఆడవాళ్లలో చాలామంది ఊరు విడిచి వచ్చి అద్దె గదుల్లో ఒంటరిగా ఉంటారు. కార్డు పుట్టింటి ఊళ్లో ఉంటుంది, మనిషి ఇక్కడ ఉంటుంది. వాళ్లకి బియ్యం కావాలి, అద్దె కూడా కావాలి. ఇంటింటికీ వెళ్లి కూర్చుని మాట్లాడాకే ఇది తెలిసింది.

ఇక్కడే మేం ఒక తప్పు చేశాం. మొదటి విడతలో బ్యానరు కట్టి, సంచులు ఇస్తూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాం. డబ్బిచ్చినవాళ్లకి లెక్క చూపించాలి కదా అనుకున్నాం. నలభై ఏళ్లుగా రాజు వేషాలు కడుతున్న ఒక పెద్దాయన రాలేదు. ఇంటికి పంపిన సంచి తిరిగొచ్చింది. నేనే వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు: “మాస్టారూ, రాత్రి రాజు వేషం కట్టినవాణ్ణి పొద్దున సంచి పట్టుకుని ఫొటోలో నిలబడితే, రేపు నేను పద్యం ఎత్తుకుంటే ఎవరు నమ్ముతారు?” ఆయన పౌరుషానికి పోయి అన్న మాట కాదది. వేషం మీద జనానికున్న గౌరవమే ఆయన పెట్టుబడి. దాన్ని మేం ఒక సంచి బియ్యానికి కొనబోయాం. ఆ రోజే ఫొటోలన్నీ తీసేశాం, తర్వాత ఎవరి ముఖమూ తీయలేదు. లెక్కకి చీటీ నంబరు చాలు.

అప్పటి నుంచి ఇచ్చేదాన్ని సాయం అనడం మానేసి సంభావన అన్నాం. పేరు మారిస్తే చాలదు, పని కూడా ఉండాలి. డ్రస్సులు కుట్టే అతనికి నూలుబట్ట కొనిచ్చి మూడు పొరల మాస్కులు కుట్టించాం, కుట్టుకూలి ఇచ్చాం. అతని ఇంట్లో ఉన్న సాటినూ వెల్వెట్టూ మాస్కుకి పనికిరావు, అవి ఊపిరి ఆడనివ్వవు. బుర్రకథ దళంతో మాస్కు గురించీ చేతులు కడుక్కోవడం గురించీ పాటలు కట్టించి మైకు ఆటోలో తిప్పాం. మామూలుగా ప్రచారానికి ఎంత తీసుకుంటారో అంతా ఇచ్చాం. తలుపులు వేసుకున్న ఇళ్లలోంచి పిల్లలు కిటికీల దగ్గరికి వచ్చి విన్నారు. ఆ రాజు వేషం పెద్దాయన ఫోన్లో పద్యాలు రికార్డు చేసి పంపాడు, సంభావన నిస్సంకోచంగా తీసుకున్నాడు.

రోగుల పని దీనితో ఎక్కడ కలిసిందో ఇప్పుడు చెప్పాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆసుపత్రుల్లో పడకలు నిండిపోయాయి. పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలోనే ఉన్నారు. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ. ఇంట్లో ఒంటరిగా ఉన్న రోగికి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, తిన్నారా అని అడిగేవాళ్లు కావాలి. మా కుర్రాళ్లు చేస్తే “బాగానే ఉందండీ” అని పెట్టేసేవాళ్లు. ఆ పని కళాకారులకి అప్పగించాం, రోజుకింత అని ఇచ్చాం. వాళ్లు మాట కలపగలరు. ఒక పద్యం పాడి, మీ ఊళ్లో ఫలానా ఏడాది ఆడాం గుర్తుందా అని మొదలుపెడితే అవతలివాళ్లు పావుగంట మాట్లాడేవాళ్లు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, అది మేం ముందుగా ఊహించలేదు. పద్యం చెప్పేవాడికి ఊపిరి లెక్క తెలుసు. ఎక్కడ పీల్చాలి, ఎంతదాకా లాగాలి అన్నది వాళ్ల చదువే. ఒక రాత్రి అర్జునుడి వేషం కట్టే అతను నాకు ఫోన్ చేశాడు. “మాస్టారూ, ఆయన ఆక్సిజన్ 95 ఉందంటున్నాడు గానీ, ‘అన్నం తిన్నాను, మా అమ్మాయి పంపింది’ అన్న ముక్కకి మూడుసార్లు గాలి పీల్చాడు. నాకు నచ్చలేదు” అన్నాడు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు ఇంకోటి ఇచ్చి కుర్రాణ్ణి పంపాం. 88 చూపించింది. ఆ ఇంట్లో ఉన్నది ఎవరో అరువిచ్చింది, బ్యాటరీ అయిపోవచ్చింది. ఆ రాత్రే 108లో తరలించాం, ఆయన బతికాడు. ఒక వాక్యం ఒక గుక్కలో చెప్పలేకపోవడం ఆయాసానికి గుర్తు అని డాక్టర్లు చెబుతారు. మా వాళ్లకి అది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒకే జాబితా పెట్టుకోండి అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ రాత్రే.

ఇక పరికరాలు. ఆక్సీమీటర్లు లైబ్రరీ పుస్తకాల్లాగా తిప్పండి. ఒక నోటుపుస్తకంలో నంబరు, ఇంటిపేరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాసుకోండి. ఇచ్చేముందు మీ వేలికే పెట్టి చూసుకోండి, తిరిగొచ్చాక స్పిరిట్‌తో తుడవండి, కొత్త బ్యాటరీలు వేయండి. వేలు చల్లగా ఉన్నా, గోటికి రంగున్నా అంకె తప్పు రావచ్చు. మన ఆడవాళ్ల వేళ్లకి గోరింటాకు ఉంటుంది కాబట్టి పండని వేలు చూసి పెట్టమనండి. 94 కన్నా తగ్గితే డాక్టరుతో మాట్లాడాలి. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, గదిలో ఆరు నిమిషాలు నడిచాక ఆ అంకె పడిపోయినా అంతే. పడక దొరికేలోపు బోర్లా పడుకోబెట్టడం చాలామందికి ఉపశమనం ఇచ్చింది: మెడ కింద ఒక దిండు, రొమ్ము నుంచి తొడల దాకా ఒకటో రెండో, పిక్కల కింద రెండు. అన్నం తిన్న గంటలోపు వద్దు. గర్భిణులకీ గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకీ వద్దు.

ఆక్సిజన్ సిలిండర్లలో దాతలు ఎక్కువగా మోసపోయేది లెక్కలోనే. చిన్నదాంట్లో, అంటే బి-టైపులో, దాదాపు 1,500 లీటర్లు పడుతుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే ఐదు గంటలు. పెద్ద డి-టైపులో 7,000 లీటర్లు, అదే వేగంతో ఇరవైమూడు గంటలు. నింపించుకోవడానికి వెళ్లి వచ్చే సమయం ఐదు గంటలు దాటితే ఒక చిన్న సిలిండరు ఎందుకూ కొరగాదు, రెండు ఉండాలి. గాలిలోంచే ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటరుకి నింపే బెడద లేదు గానీ కరెంటు పోతే ఆగిపోతుంది. ఊళ్లో ఇన్వర్టరు ఉన్న ఇళ్లు ఏవో ముందే రాసి పెట్టుకోండి. ఇవన్నీ పడక దొరికేదాకా నెట్టుకురావడానికి మాత్రమే. వాటిని చూసుకుని ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేసిన ఇళ్లు ఉన్నాయి.

మందుల గురించి మీ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయనివ్వకండి. ఫోన్లో మాట్లాడే డాక్టరు ఒకరు ఉండాలి, మందు మాట ఆయనదే. కరోనా నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం మేం ఎన్ని ఫోన్లు చేశామో చెప్పలేను. దానివల్ల ప్రాణాలు నిలవడం లేదని మన జాతీయ వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షే 2020 అక్టోబరులో చెప్పింది. చికిత్స మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది మాత్రం 2021 మే 17న. ఆ మధ్యకాలంలో దాతల కోసం తిరిగిన కుర్రాళ్ల పెట్రోలూ నిద్రా అన్నం క్యారేజీలు మోయడానికి వాడి ఉంటే ఎంత బాగుండేది. స్టెరాయిడ్లదీ అంతే. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి అవి ప్రాణం పోశాయి. జ్వరం వచ్చిన మొదటి రోజే సొంతంగా మింగినవాళ్లకి కీడు చేశాయి.

పడకల సమాచారం విషయంలో ఒకటే నియమం: మన మనిషి స్వయంగా ఫోన్ చేసి, ఎన్ని గంటలకి చేశారో పక్కన రాస్తేనే గ్రూపులో పెట్టాలి. మూడు గంటలు దాటితే తీసేయాలి. ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు ఫోన్లో ఆరోగ్యశ్రీ పడక ఉందని చెప్పి, రోగిని తీసుకెళ్లాక డిపాజిట్ కడితేనే అన్నారు. గుమ్మం ముందు అంబులెన్సులో గంటన్నర గడిచింది. అప్పటి నుంచి ఫోన్లో మాట్లాడినవాళ్ల పేరూ హోదా కూడా అడిగి రాసుకున్నాం. పేరు అడిగితే జవాబు జాగ్రత్తగా వస్తుంది.

కరోనా లేని రోగులను మరిచిపోకండి. ఇది చాలా బృందాలు చేసిన పొరపాటే, మేమూ మూడు వారాలు మరిచిపోయాం. డయాలసిస్ వాళ్లకి వారానికి రెండు మూడుసార్లు ఆటో కావాలి. తలసీమియా పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. కాలేజీలు మూతపడితే రక్తదాన శిబిరాలు ఉండవు. 2021 మే 1న పద్దెనిమిది దాటినవాళ్లకి టీకా తెరిచారు. టీకా వేసుకున్నాక 28 రోజులు రక్తం ఇవ్వకూడదని అప్పటి నియమం, ఆ తర్వాత 14 రోజులకి తగ్గించారు. అందుకని మా కుర్రాళ్లు ముందు రక్తం ఇచ్చి, తర్వాత టీకాకి వెళ్లారు. ఇలాంటి వరస తెలిసి చెప్పే మనిషి ఒకరు బృందంలో ఉండాలి.

మీ మనుషులను కాపాడుకోండి. మా ఏడుగురిలో తబలా వాయించే మిత్రుడు మే నెలలో పోయాడు. ఇరవయ్యేళ్లు పక్కపక్కన కూర్చుని వాయించాం. అరవై దాటిన మనిషి ఇళ్లకి తిరగకూడదని మేం ముందే కట్టుబాటు పెట్టుకుని ఉండాల్సింది. పెట్టుకోలేదు. ఆయన వద్దన్నా వినే మనిషి కాదని సరిపెట్టుకున్నాం. మీరు సరిపెట్టుకోకండి. పెద్దవాళ్లు ఫోన్ల దగ్గర కూర్చోవాలి, చిన్నవాళ్లు గడప దాటకుండా సరుకు గుమ్మంలో పెట్టి రావాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరి సంతకాలు ఉంటేనే తీసేలా జాయింటు ఖాతా పెట్టుకోండి. రోజూ రాత్రి తొమ్మిదికి ఆనాటి జమాఖర్చుల పేజీ గ్రూపులో పెట్టండి, సున్నా అయినా సరే. అమెరికాలో ఉన్న మన పిల్లలు విదేశీ సంస్థల పేరున విరాళం పంపుతామంటే తీసుకోకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, మనలాంటి బృందాలకి ఉండదు. ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నలు తమ డబ్బు తాము ఇవ్వొచ్చు.

ఇప్పుడు ఏ గండమూ లేదు కాబట్టి చేయగలిగిన పని చాలా ఉంది. కళాకారుల ఇంటింటికీ వెళ్లి ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. 2021 ఆగస్టు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న పోర్టల్ అది, అసంఘటిత కార్మికులు చేరవచ్చు, వయసు లాంటి అర్హతలు ముందు చూసుకోండి. రేషన్ కార్డు ఎక్కడుందో, బ్యాంకు ఖాతా ఆడుతోందో లేదో, ఇంట్లో షుగరూ బీపీ ఎవరికున్నాయో, ఫోన్ నంబరు ఎవరిదో ఒక పేజీలో రాయండి. రోగుల పేజీలూ అదే పుస్తకంలో ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, ఒకసారి సంక్రాంతికి, ఒకసారి వినాయకచవితికి, పుస్తకం పట్టుకుని మళ్లీ తిరగండి. ఆ రెండు పండగలకీ ఒక నాటకమో బుర్రకథో పెట్టించి పూర్తి సంభావన ఇవ్వండి. అప్పుడే ఎవరి గొంతు ఎలా ఉందో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో మీకు తెలుస్తుంది.

ఆక్సీమీటర్లు ఇప్పుడే కొని పెట్టుకునేటట్టయితే బ్యాటరీలు తీసి విడిగా దాచండి. మావి రెండేళ్లు లోపలే వదిలేస్తే కారిపోయి పద్నాలుగింటిలో తొమ్మిది పాడయ్యాయి.